డెస్క్‌టాప్‌లో ల్యాన్ కార్డు పనిచేయనప్పుడు: కేబుల్ నుంచి స్లాట్ దాకా తనిఖీ

డెస్క్‌టాప్‌లో నెట్ ఆగిపోగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట ‘ల్యాన్ కార్డు పోయినట్టుంది’ అని. ల్యాన్ కార్డంటే నెట్ కేబుల్‌ను కంప్యూటర్‌కు కలిపే భాగం. తీరా చూస్తే కార్డు నిక్షేపంగా ఉంటుంది. తలుపు సందులో నలిగిన కేబులో, క్లిప్పు విరిగి వదులైన ప్లగ్గో, అప్‌డేట్‌తో మారిపోయిన డ్రైవరో (కార్డును విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) అసలు కారణమని తేలుతుంది. కార్డు నిజంగానే కాలిపోయే సందర్భాలూ లేకపోలేదు. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ మీద ఉరుములు మెరుపులతో గాలివాన విరుచుకుపడిన మర్నాడు అలాంటి కేసులు ఎక్కువగా కనిపిస్తాయి. అయితే కార్డు పోయిందని తేల్చడానికి ఆధారం కావాలి. ఆ ఆధారాన్ని ఇంట్లోనే, డబ్బు ఖర్చు లేకుండా ఎలా రాబట్టుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

తనిఖీ ఎప్పుడూ బయట నుంచి లోపలికి సాగాలి: ముందు కేబుల్, తర్వాత రౌటర్ పోర్టు, ఆ తర్వాత విండోస్, డ్రైవర్, చివరికి క్యాబినెట్ తెరిచి కార్డు. ఇంకొక నియమం ఇంతకన్నా ముఖ్యమైనది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. కేబుల్ మార్చి, అదే ఊపులో డ్రైవర్ తీసేసి, రౌటర్ కూడా రీసెట్ చేస్తే, నెట్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. మళ్లీ ఆగినప్పుడు పని మొదటికి వస్తుంది.

మొదలుపెట్టే ముందు

బాగా పనిచేస్తోందని తెలిసిన ఇంకో నెట్ కేబుల్, ల్యాన్ పోర్టున్న ఒక ల్యాప్‌టాప్, ఫోన్‌తో పాటు దాని యూఎస్‌బీ కేబుల్, ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఖాళీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. ల్యాప్‌టాప్ లేకపోతే పక్క ఫ్లాట్ వాళ్లను అడిగి ఒక పది నిమిషాలు తెచ్చుకోవడం మంచిది, ఎందుకంటే అదే కేబుల్‌ను ఇంకో యంత్రానికి పెట్టి చూడడమంత నమ్మకమైన పరీక్ష మరొకటి లేదు.

మీ డెస్క్‌టాప్‌లో ఉన్నది ఏ రకం ల్యాన్ కార్డో కూడా ముందే గమనించండి. క్యాబినెట్ వెనక కేబుల్ పెట్టే పోర్టు యూఎస్‌బీ, ఆడియో పోర్టుల పక్కనే ఉంటే అది మదర్‌బోర్డులో కలిసిపోయిన ఆన్‌బోర్డ్ ల్యాన్. కింది భాగంలో విడిగా ఒక లోహపు పట్టీలో ఉంటే అది స్లాట్‌లో పెట్టిన వేరే కార్డు. రెండింటికీ తనిఖీ దాదాపు ఒకటే. తేడా అంతా చివరి దశలో, అంటే క్యాబినెట్ తెరిచాకే వస్తుంది.

పోర్టు మీది లైట్లు

పోర్టు పక్కన సాధారణంగా రెండు చిన్న లైట్లు ఉంటాయి. ఒకటి లింకు కలిసిందని చెబుతూ నిలకడగా వెలుగుతుంది, రెండోది డేటా కదులుతున్నప్పుడు మిణుకుమిణుకుమంటుంది. కేబుల్‌కు రెండో చివర ఉన్న రౌటర్ పోర్టుకూ ఇలాంటి లైటే ఉంటుంది. రంగుల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి రంగును పట్టుకుని నిర్ణయానికి రావద్దు. వెలుగుతోందా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

రెండు చివరలా లైటు వెలుగుతుంటే, కార్డుకూ రౌటర్‌కూ మధ్య విద్యుత్ సంకేతాలు చేరుతున్నాయని అర్థం. అప్పుడు కేబుల్, పోర్టు, కార్డులో సంకేతాలు పంపి అందుకునే భాగం చాలావరకు బాగున్నట్టే. సమస్యను విండోస్‌లో గానీ, రౌటర్ సెట్టింగుల్లో గానీ, నెట్ ఇచ్చేవారి వైపు గానీ వెతకాలి. ఏ చివరా లైటు లేకపోతే కేబుల్ నుంచి మొదలుపెట్టాలి. లైటు వెలిగి ఆరుతూ, మళ్లీ వెలుగుతూ ఉంటే వదులు ప్లగ్గును గానీ, లోపల సగం తెగిన తీగను గానీ ముందుగా అనుమానించాలి.

కంప్యూటర్ షట్‌డౌన్ చేసిన తర్వాత కూడా పోర్టు లైటు వెలుగుతుంటే కంగారు పడనక్కర లేదు. గోడ స్విచ్చు ఆన్‌లో ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు సరఫరా చేసే పెట్టె) మదర్‌బోర్డుకు కొద్దిపాటి స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది, ల్యాన్ చిప్పు దానితోనే మేలుకుని ఉంటుంది. ఈ విషయం తర్వాత ఒకచోట మనకు పనికొస్తుంది.

కేబుల్, ప్లగ్గు, పోర్టు

తనిఖీ మొత్తంలో ఎక్కువ ఓపిక చూపాల్సిన చోటు ఇదే. కార్డు మీద పడే నిందల్లో ఎక్కువ భాగం నిజానికి కేబుల్‌కు చెందాల్సినవి.

ముందు ప్లగ్గును తీసి, దాని మీది ప్లాస్టిక్ క్లిప్పు చూడండి. లోపలికి తోసినప్పుడు ‘టిక్’ మని చప్పుడు రావాలి, మెల్లగా లాగితే బయటికి రాకూడదు. క్లిప్పు విరిగిన ప్లగ్గు కాసేపు పనిచేసి, ఎవరైనా బల్ల కదిలించగానే ఆగిపోతుంది. తర్వాత ఫోన్ టార్చి వెలుగులో పోర్టు లోపలికి చూడండి. ఎనిమిది సన్నని బంగారు రంగు తీగలు ఒకే ఎత్తులో, వరసగా, స్ప్రింగుల్లా వంగి కనిపించాలి. వాటిలో ఒకటి లోపలికి అణిగిపోయినా, పక్క తీగను తాకుతున్నా, వానాకాలపు చెమ్మకు పచ్చటి చిలుము పట్టినా ఆ పోర్టు సరిగా పనిచేయదు. చిలుము తేలికగా ఉంటే, కరెంటు పూర్తిగా తీసేశాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నని బ్రష్‌తో తుడవవచ్చు. అణిగిన తీగను గుండుసూదితో పైకి లేపే ప్రయత్నం చాలాసార్లు దాన్ని విరగ్గొట్టడంతో ముగుస్తుంది. చేయి తిరిగినవారికి ఇవ్వడమే మేలు.

ఇప్పుడు కేబుల్‌ను రౌటర్‌లో ఇంకో పోర్టుకు మార్చి చూడండి. లైటు రాకపోతే కేబుల్‌నే మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే అదే కేబుల్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో నెట్ వచ్చి డెస్క్‌టాప్‌లో రాకపోతే, అక్కడితో కేబుల్, రౌటర్ నిర్దోషులని తేలిపోతుంది. ల్యాప్‌టాప్‌లోనూ రాకపోతే డెస్క్‌టాప్ జోలికి వెళ్లాల్సిన అవసరమే లేదు.

నెట్ వస్తోంది కానీ వేగం తగ్గిందన్నప్పుడు ఇంకో చిత్రమైన సంగతి బయటపడుతుంది. కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. 100 ఎంబీపీఎస్ లింకుకు రెండు జతలు, అంటే 1, 2, 3, 6 నంబర్ల పిన్నులు సరిపోతాయి. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8 పిన్నుల తీగల్లో ఒక్కటి తెగినా లింకు పూర్తిగా పడిపోకుండా 100 ఎంబీపీఎస్‌కు దిగి అక్కడ నిలబడుతుంది. మీరు 200 లేదా 300 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నా స్పీడ్ టెస్టులో ఎప్పుడు చూసినా 94 దగ్గర ఆగుతోందంటే నెట్ ఇచ్చేవారితో గొడవ పెట్టుకునే ముందు ఈ ఒక్కటి చూడండి: కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరిచి, ఈథర్‌నెట్ మీద రెండుసార్లు నొక్కితే వచ్చే స్టేటస్ కిటికీలో ‘స్పీడ్’ అన్నచోట 1.0 జీబీపీఎస్ ఉందా, 100.0 ఎంబీపీఎస్ ఉందా అన్నది. రెండోది ఉంటే తప్పు తీగల్లోనో, ప్లగ్గు క్రింపింగ్‌లోనో (తీగలను ప్లగ్గులో నొక్కి బిగించిన చోట), 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉన్న పాత రౌటర్‌లోనో ఉంటుంది.

ప్లగ్గు మళ్లీ కొట్టించాల్సి వస్తే రెండు చివరలా ఒకే రంగుల వరస ఉండాలి. మన దగ్గర ఎక్కువగా వాడే బీ పద్ధతిలో ఆ వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. క్లిప్పు కిందివైపు, బంగారు పిన్నులు మీ కళ్లకు కనిపించేలా పట్టుకుని ఎడమ నుంచి కుడికి చదవాలి. లైట్లు వరసగా వెలిగే చిన్న ల్యాన్ టెస్టర్ తీగ తెగిందా లేదా అన్నంతవరకే చెబుతుంది. అందులో ఎనిమిదీ వెలిగినంత మాత్రాన ఆ కేబుల్ గిగాబిట్ మోస్తుందని హామీ లేదు.

కొత్త కేబుల్ కొనేటప్పుడు, కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా సికింద్రాబాద్‌లో కొన్నా, పూర్తి రాగి కేబులే కావాలని అడగండి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన రకం చవకగా దొరుకుతుంది. తీగ చివరను బ్లేడుతో కొద్దిగా గీకితే లోపల తెల్లగా మెరిసేది అల్యూమినియం, ఎర్రగానే ఉండేది రాగి. అల్యూమినియం రకం వంపుల దగ్గర తొందరగా విరుగుతుంది. ఇక పొడవు విషయానికి వస్తే, రాగి ఈథర్‌నెట్‌కు హద్దు 100 మీటర్లు. ఇళ్లలో ఆ హద్దు దాటడం అరుదు, కానీ అపార్ట్‌మెంట్ మేడ మీది స్విచ్చు నుంచి కింది అంతస్తు దాకా చుట్టూ తిప్పి లాగినచోట దాని దగ్గరికి వెళ్లే అవకాశం ఉంది.

విండోస్ ఏమంటోంది?

విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. ఇక్కడ తెలుగులో రాస్తున్న ఆదేశాలన్నిటినీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. తెరుచుకున్న కిటికీలో ఈథర్‌నెట్ గుర్తు ఎలా కనిపిస్తోందన్న దాన్ని బట్టి మీ దారి మారుతుంది.

గుర్తు బూడిద రంగులో ఉండి కింద ‘డిసేబుల్డ్’ అని ఉంటే, ఎవరో దాన్ని ఆపేశారు. దాని మీద కుడి నొక్కు నొక్కి ‘ఎనేబుల్’ ఎంచుకుంటే సరి. ఎర్రటి ఇంటూ గుర్తుతో ‘నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్’ అని ఉంటే కార్డును విండోస్ గుర్తించింది, డ్రైవర్ నడుస్తోంది, లింకు మాత్రమే లేదు. పైన చెప్పిన కేబుల్ పరీక్షలకే మళ్లీ వెళ్లాలి. ‘అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్’ అని ఉంటే లింకు ఉంది, రౌటర్ నుంచి రావాల్సిన ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఈ కంప్యూటర్‌ను గుర్తించే అంకెలు) అందలేదు. ఈథర్‌నెట్ గుర్తే లేకపోతే డ్రైవర్, బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రాం), లేదా కార్డు మీద అనుమానం పెట్టుకోవాలి.

ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల యంత్రాల్లో ఈ కిటికీలో నాలుగైదు గుర్తులు కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రంగా కలిపే సాఫ్ట్‌వేర్) పెట్టిన ఉత్తుత్తి అడాప్టర్లు. వాటిని కార్డుగా పొరబడవద్దు. గుర్తు కింద రియల్‌టెక్, ఇంటెల్ వంటి చిప్పు కంపెనీ పేరు ఉన్నదే అసలు కార్డు. వీపీఎన్ లేదా యాంటీవైరస్ తీసేశాక దాని అవశేషం అసలు కార్డు ప్రాపర్టీస్ జాబితాలో ఒక ఫిల్టర్‌గా మిగిలిపోయి నెట్‌ను అడ్డుకోవడమూ ఉంది. జాబితాలో దాని పేరు పక్కనున్న టిక్కు తీసి చూడడం మంచిది.

అడ్రస్ పరీక్ష

స్టార్ట్‌లో సీఎండీ అని టైపు చేసి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఐపీకాన్ఫిగ్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఆల్ అని రాసి ఎంటర్ నొక్కండి. ఈథర్‌నెట్ కింద ‘మీడియా డిస్‌కనెక్టెడ్’ అని ఉంటే లింకు లేదన్నమాట. ఐపీవీ4 అడ్రస్ 192.168 తో గానీ 10 తో గానీ మొదలైతే సాధారణంగా రౌటర్ నుంచి అడ్రస్ అందినట్టు. అది 169.254 తో మొదలైతే, రౌటర్ జవాబివ్వకపోవడంతో విండోస్ తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుందని అర్థం.

169.254 కనిపించగానే కార్డు మార్చేవారున్నారు. అది తొందరపాటు. ఆ అడ్రస్ వచ్చిందంటే లింకు నిలబడి ఉంది. ముందు రౌటర్‌ను ఒకసారి ఆపి వెలిగించండి. తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ వరసగా ఇవ్వండి. ఎవరైనా గతంలో అడ్రస్‌ను చేత్తో నింపి ఉంటే, ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 తెరిచి, రెండుచోట్లా ‘ఆటోమేటిక్’ అన్నది ఎంచుకోండి. రౌటర్ లేకుండా, గోడలోంచి వచ్చిన కేబుల్ నేరుగా డెస్క్‌టాప్‌కు పెట్టే కనెక్షన్లలో పీపీపీఓఈ లాగిన్ ఉంటే, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చేదాకా ఇలాంటి అడ్రస్ కనిపించడం మామూలే.

పింగ్‌తో మెట్టు మెట్టుగా

అడ్రస్ సరిగా ఉండి నెట్ రాకపోతే పింగ్ (ఒక అడ్రస్‌కు చిన్న సందేశం పంపి జవాబు వస్తుందో లేదో చూసే ఆదేశం) వాడాలి. 127.0.0.1 కు పింగ్ చేసి జవాబు వస్తే కార్డు బాగున్నట్టేనని చాలాచోట్ల చెబుతారు. అది సరికాదు. ఆ పింగ్ కంప్యూటర్ లోపలే తిరిగి వస్తుంది, కార్డు దాకా వెళ్లదు. కార్డు పీకేసినా జవాబు వస్తుంది. విండోస్‌లోని నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ బతికే ఉందన్నంత వరకే దాని సాక్ష్యం.

అసలు పరీక్ష రౌటర్‌కు పింగ్ చేయడం. ఐపీకాన్ఫిగ్ ఫలితంలో ‘డిఫాల్ట్ గేట్‌వే’ ఎదురుగా ఉన్న అంకెలు, ఉదాహరణకు 192.168.1.1, తీసుకుని పింగ్ తర్వాత రాయండి. చివర హైఫన్ టీ చేరిస్తే మీరు కంట్రోల్, సీ మీటలు కలిపి నొక్కి ఆపేదాకా సాగుతుంది. కేబుల్ మీద రౌటర్ జవాబు మామూలుగా ఒక మిల్లీసెకనులోపే రావాలి, ఒక్క ప్యాకెట్టూ పోకూడదు. పింగ్ నడుస్తుండగా కేబుల్‌ను ప్లగ్గు దగ్గర కొద్దిగా కదిలించండి. కదిలించినప్పుడల్లా ‘రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్’ వస్తే దోషి దొరికినట్టే. కొన్ని రౌటర్లు పింగ్‌కు జవాబివ్వవు. అప్పుడు ఏఆర్‌పీ తర్వాత ఒక ఖాళీ వదిలి, హైఫన్, ఇంగ్లీషు అక్షరం ‘ఏ’ రాసి ఎంటర్ నొక్కి, జాబితాలో గేట్‌వే అంకెల పక్కన దాని మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) కనిపిస్తే కార్డు పంపడం, అందుకోవడం రెండూ చేస్తున్నట్టు.

రౌటర్ దాకా బాగుంటే ఇంటర్నెట్‌లో గూగుల్ నడిపే 8.8.8.8 అడ్రస్‌కు, అదీ బాగుంటే ఏదైనా వెబ్‌సైట్ పేరుకు పింగ్ చేయండి. అంకెలకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే అది డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లను అంకెల అడ్రసులుగా మార్చే వ్యవస్థ) సమస్య, కార్డుకు సంబంధం లేదు. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ ఇచ్చి చూడండి. 8.8.8.8 దాకా కూడా వెళ్లకపోతే నెట్ ఇచ్చేవారికి ఫోన్ చేయాల్సిందే.

కేబుల్ లోపం మీద ఇంకా అనుమానం ఉంటే నెట్‌స్టాట్ తర్వాత ఒక ఖాళీ వదిలి, హైఫన్, ఇంగ్లీషు అక్షరం ‘ఈ’ రాసి ఎంటర్ నొక్కితే ‘ఎర్రర్స్’ అనే వరస కనిపిస్తుంది. కాసేపు వీడియో నడిపి మళ్లీ చూసినప్పుడు ఆ అంకె పెరుగుతూ పోతే కేబుల్, ప్లగ్గు, పోర్టు, లేదా కార్డులో భౌతికమైన లోపం ఉన్నట్టు. అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ‘స్పీడ్ అండ్ డూప్లెక్స్’ను ఎవరైనా 100 ఫుల్ డూప్లెక్స్‌కు బిగించి ఉంటే దాన్ని ఆటో నెగోషియేషన్‌కు మార్చండి. ఒకవైపు బిగించి, రెండోవైపు ఆటోలో వదిలితే ఆటో వైపు పోర్టు హాఫ్ డూప్లెక్స్‌లోకి (ఒకసారికి పంపడమో, అందుకోవడమో ఒక్కటే చేసే స్థితిలోకి) జారి, నెట్ ఉన్నట్టే ఉండి నత్తనడక నడుస్తుంది.

డ్రైవర్

స్టార్ట్ మీద కుడి నొక్కుతో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ విప్పండి. కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం ఉంటే, దాని మీద రెండుసార్లు నొక్కి ‘డివైస్ స్టేటస్’లోని కోడ్ చదవండి. కోడ్ 22 అంటే పరికరాన్ని ఆపి ఉంచారు. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. కోడ్ 10 అంటే పరికరం మొదలుకాలేదు. కోడ్ 43 అంటే పరికరమే తనలో లోపం ఉందని చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది. 10, 43 వచ్చినప్పుడు డ్రైవర్ మార్చి చూడాలి గానీ, మార్చాక కూడా అవే కోడ్‌లు వస్తుంటే కార్డు మీద అనుమానం బలపడుతుంది.

విండోస్ అప్‌డేట్ అయిన వెంటనే సమస్య మొదలైతే, డ్రైవర్ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ ముందు ప్రయత్నించండి. ఆ బటన్ నొక్కడానికి వీలు కాకపోతే ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే విండోస్ తన దగ్గరున్న డ్రైవర్‌ను మళ్లీ ఎక్కిస్తుంది.

కార్డు పేరు బదులు ‘అదర్ డివైసెస్’ కింద ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’ అని మాత్రమే ఉంటే ఏ డ్రైవర్ కావాలో తెలుసుకోవడానికి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్, అందులో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ చూడండి. వెన్ అనే మూడు అక్షరాల తర్వాతి నాలుగు గుర్తులు చిప్పు కంపెనీని తెలుపుతాయి: 10ఈసీ అయితే రియల్‌టెక్, 8086 అయితే ఇంటెల్. డెవ్ తర్వాతి నాలుగు చిప్పు రకాన్ని చెబుతాయి. రియల్‌టెక్‌లో 8168 గిగాబిట్ చిప్పు, 8125 అయితే 2.5 గిగాబిట్ చిప్పు. డ్రైవర్‌ను మదర్‌బోర్డు కంపెనీ వెబ్‌సైట్ నుంచో, చిప్పు కంపెనీ వెబ్‌సైట్ నుంచో మాత్రమే తీసుకోండి. అన్ని డ్రైవర్లూ తామే వెతికి పెడతామని చెప్పే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. అవి తెచ్చిపెట్టే తలనొప్పి అసలు సమస్యను మించిపోతుంది.

నెట్ లేకుండా డ్రైవర్ దింపుకోవడం ఎలా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో డెస్క్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్ ఉన్నచోటే కనిపించే ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేస్తే, ఫోన్ ఇంటర్నెట్ డెస్క్‌టాప్‌లోకి వస్తుంది.

డ్రైవర్ సరిగానే ఉండి కనెక్షన్లు చిక్కుపడినట్టు అనిపిస్తే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్, ఆపై నెట్‌ఎస్‌హెచ్ ఇంట్ ఐపీ రీసెట్ ఇచ్చి, రీస్టార్ట్ చేయండి. సెట్టింగ్స్‌లోని ‘నెట్‌వర్క్ రీసెట్’ ఇంకా పెద్ద ఆయుధం. అది వైఫై పాస్‌వర్డులతో పాటు వీపీఎన్ అమరికలను కూడా చెరిపేయగలదు కాబట్టి ఆఫీసు యంత్రంలో ఐటీ విభాగాన్ని అడగకుండా వాడవద్దు.

నిద్రలోంచి లేవని కార్డు

రాత్రి బాగానే పనిచేసి, పొద్దున కంప్యూటర్ వేయగానే కార్డు మాయమయ్యే రకం ఒకటుంది. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ నొక్కినా కంప్యూటర్ పూర్తిగా ఆగదు. విండోస్ కేంద్ర భాగం స్థితిని డిస్కులో దాచుకుని మర్నాడు దాన్నే తిరిగి తెస్తుంది. డ్రైవర్ చెడ్డ స్థితిలో ఉంటే ఆ స్థితే మళ్లీ వస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. షట్‌డౌన్‌తో పోని సమస్య రీస్టార్ట్‌తో పోవడానికి కారణం ఇదే. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి.

అలాగే డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చన్న మొదటి టిక్కు తీసేయండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్’, ‘గ్రీన్ ఈథర్‌నెట్’ ఉంటే డిసేబుల్ చేసి ఒక రోజు గమనించండి. ఉండి ఉండి తెగిపోయే కనెక్షన్లు కొన్ని దీనితోనే కుదుటపడతాయి.

చిప్పు మొండికేసి కదలకపోతే స్టాండ్‌బై కరెంటు కూడా తీసేయాలి. షట్‌డౌన్ చేసి, గోడ ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని వదలండి. కొన్ని నిమిషాలాగి మళ్లీ వేయండి. యూపీఎస్ ఆన్‌లో ఉంటే గోడ స్విచ్చు ఆపినా కరెంటు అందుతూనే ఉంటుందని మరవకండి.

విండోస్ తప్పా, కార్డు తప్పా?

ఈ ప్రశ్నను నిర్ణయంగా తేల్చే పరీక్ష ఒకటుంది. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే అయిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, దాని నుంచి కంప్యూటర్‌ను వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై ఉబుంటు’ ఎంచుకోండి. మీ విండోస్‌కు ఏమీ కాదు. అయితే బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం) వాడుతుంటే, బయోస్‌లో ఏ మార్పు చేసే ముందైనా దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి.

ఉబుంటులో నెట్ వస్తే కార్డు బాగుంది, తప్పు విండోస్‌లోదే. రాకపోతే టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం ఇవ్వండి. జాబితాలో ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’ ఉంటే మదర్‌బోర్డు కార్డును చూడగలుగుతోంది. అప్పుడు ఐపీ లింక్ ఆదేశం ఇచ్చి, ల్యాప్‌టాప్‌లో పనిచేసిన అదే కేబుల్ పెట్టినా ‘నో క్యారియర్’ అనే వస్తే పోర్టు గానీ, దాని వెనకున్న సర్క్యూట్ గానీ పోయిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. జాబితాలో కంట్రోలరే లేకపోతే బయోస్‌లోకి వెళ్లి ఆన్‌బోర్డ్ ల్యాన్ ఎనేబుల్‌లో ఉందో లేదో చూడండి. కంపెనీలు వాడి వదిలేసిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాపుల్లో ఇది ఆపి ఉండే అవకాశం ఉంటుంది.

క్యాబినెట్ తెరిచి

ప్లగ్గు పీకండి. గోడ స్విచ్చు ఆపడం మాత్రమే చాలదు. ఒంటి మీది స్థిర విద్యుత్ పోవడానికి, పనిలోకి దిగే ముందు క్యాబినెట్ లోపలి రంగు లేని లోహాన్ని తాకండి. గాలి పొడిగా ఉండే నెలల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. కార్డును పట్టీ దగ్గర, అంచుల దగ్గర మాత్రమే పట్టుకోండి.

స్లాట్‌లో పెట్టిన విడి కార్డు అయితే స్క్రూ విప్పి, దాన్ని నిటారుగా పైకి లాగండి. స్లాట్‌లోని దుమ్ము ఊది, కార్డు బంగారు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు లేవని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. తిరిగి పెట్టేటప్పుడు ఒక చిన్న సంగతి గమనించండి. లోహపు పట్టీ కొంచెం వంగి ఉంటే, స్క్రూ బిగించిన కొద్దీ కార్డు వెనక భాగం స్లాట్‌లోంచి పైకి లేస్తుంది. కంటికి పెట్టినట్టే ఉంటుంది, పిన్నులు మాత్రం సగమే తాకుతాయి. స్క్రూ బిగించాక కార్డు అంచు స్లాట్‌కు సమాంతరంగా ఉందో లేదో పక్క నుంచి వంగి చూడండి. తర్వాత ఇంకో స్లాట్‌లో పెట్టి చూడండి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ (ఇప్పటి మదర్‌బోర్డుల స్లాట్ రకం) పొట్టి ఎక్స్1 కార్డు పొడవైన ఎక్స్4, ఎక్స్16 స్లాట్లలో కూడా పనిచేస్తుంది. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 ఎస్‌ఎస్‌డీ (మదర్‌బోర్డు మీదే నేరుగా పెట్టే డిస్కు) పెట్టగానే ఒక స్లాట్ ఆగిపోతుంది, మాన్యువల్‌లో ఆ సంగతి రాసి ఉంటుంది. వేరే స్లాట్‌లోనూ, వీలైతే వేరే కంప్యూటర్‌లోనూ కార్డు కనిపించకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, అది పోయిందని నిర్ణయించండి.

కార్డు మార్చాల్సి వస్తే

ఆన్‌బోర్డ్ ల్యాన్ పోయినంత మాత్రాన మదర్‌బోర్డు మార్చనక్కర లేదు. గిగాబిట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు ఒకటి పెట్టి, బయోస్‌లో పాత ఆన్‌బోర్డ్ ల్యాన్‌ను డిసేబుల్ చేస్తే సరిపోతుంది. సీటీసీగా అందరూ పిలిచే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇలాంటివి దొరుకుతాయి. వెళ్లే ముందు మీ మదర్‌బోర్డులో ఉన్నది పాత పీసీఐ స్లాటా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటా అన్నది ఫోటో తీసుకోండి, ఒకదాని కార్డు ఇంకోదానిలో పట్టదు. సన్నని క్యాబినెట్ అయితే పొట్టి పట్టీ కూడా ఉన్న కార్డు అడగండి. ఖాళీ స్లాట్ లేకపోతే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ మంచి ప్రత్యామ్నాయమే, కానీ దాన్ని యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టాలి. యూఎస్‌బీ 2 హద్దే 480 ఎంబీపీఎస్ కాబట్టి గిగాబిట్ వేగం అందులో ఇమడదు.

పాత కార్డు పిడుగుల వానలో పోయి ఉంటే కొత్తది పెట్టే ముందు రౌటర్ పోర్టులన్నిటినీ ల్యాప్‌టాప్‌తో పరీక్షించండి. పిడుగు నేరుగా పడకపోయినా, మేడల మీదుగా, స్తంభాల మీదుగా లాగిన రాగి కేబుల్‌లో పుట్టే అధిక వోల్టేజి రెండు చివరలా నష్టం చేయగలదు. ఇంటి దాకా ఫైబర్ వచ్చినచోట గాజు తీగ ఆ వోల్టేజిని మోయదు. కానీ ఫైబర్ అపార్ట్‌మెంట్ కింది పెట్టె దగ్గర ఆగి, అక్కడి నుంచి ఫ్లాట్ల దాకా రాగి కేబుల్ ఉన్న భవనాలు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట ఉరుములు మొదలవగానే కరెంటు ప్లగ్గుతో పాటు నెట్ కేబుల్‌ను కూడా పీకాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు.

కొత్త కార్డు పెట్టాక లైట్లు వెలిగి, డ్రైవర్ ఎక్కి, లింకు 1.0 జీబీపీఎస్ చూపించినా నెట్ రాకపోతే అది చెడిపోయిన కార్డని తిరిగి దుకాణానికి తీసుకెళ్లకండి. రౌటర్ లేకుండా నేరుగా డెస్క్‌టాప్‌కు కేబుల్ వచ్చే కనెక్షన్లలో కొందరు పాత కార్డు మ్యాక్ అడ్రస్‌కు మాత్రమే నెట్ వచ్చేలా కట్టిపెడతారు. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ ఫలితంలో ‘ఫిజికల్ అడ్రస్’ ఎదురుగా ఉన్న పన్నెండు గుర్తుల కొత్త అడ్రస్‌ను నెట్ ఇచ్చేవారికి ఫోన్‌లో చదివి, తమ రికార్డులో మార్చమని అడగండి. వాళ్లు మార్చాక కేబుల్ ఒకసారి తీసి పెట్టి, ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ ఇస్తే అడ్రస్ అందుతుంది.